చెవిలోని తూకం: తిరుగుడు ఎలుకలు, నడిగడ్డ పిల్లలు

గోరువెచ్చని నీళ్లు పోసిన గాజు తొట్టిలో చిట్టెలుకను వదిలితే ముక్కు పైకెత్తి, తోకను చుక్కానిలా ఆడిస్తూ అంచుకు చేరుతుంది. ఈత దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. లోపలి చెవి పుట్టుకతోనే చెడిన ఎలుకను అదే తొట్టిలో వదిలితే నీళ్లలో బొంగరంలా తిరుగుతుంది. పైకి వస్తున్నాననుకుని అడుగుకు పోతుంది. కాళ్లలో బలం ఉంది, ఊపిరితిత్తుల్లో గాలి ఉంది. ఏది పైన, ఏది కింద అన్న ఎరుక ఒక్కటే లేదు. పరిశోధకులు వెంటనే చెయ్యి పెట్టి దాన్ని బయటకు తీస్తారు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. ఎండాకాలం సెలవులు వస్తే అక్కడి పిల్లలు కాలువల్లో, బావుల్లో, బీచుపల్లి దగ్గర కృష్ణలో మునిగి తేలుతుంటారు. వనపర్తి చెరువుల్లోనూ, నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల రేవులోనూ ఇదే సందడి. ఆ గుంపులో పుట్టుచెవుడు ఉన్న పిల్లవాడూ ఉంటాడు. వాడికి వినబడదని ఊరందరికీ తెలుసు. వాడి చెవిలో తూకం చూసుకునే భాగం పనిచేస్తోందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు. వాడు నీళ్లలోకి దూకడానికి ముందు అడగవలసిన ప్రశ్న అది. నూరేళ్లకు పైగా శాస్త్రవేత్తలు చిట్టెలుకల చెవుల్లో వెతికిందీ దాని జవాబునే.

చెవి అనగానే వినికిడే గుర్తొస్తుంది. బడి పుస్తకంలోని బొమ్మ గుర్తుచేసుకుంటే, లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తం ఉంటుంది. దాన్ని ఆనుకునే మూడు అర్ధవృత్తాకార కుల్యలు, వాటి మొదట్లో రెండు చిన్న సంచులు ఉంటాయి. కర్ణావర్తం చప్పుడును పట్టుకుంటుంది. కుల్యలు తల ఎటు తిరిగిందో చెబుతాయి. సంచుల్లో సున్నపు పొడిలాంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి. తల వంగితే అవి బరువుతో ఒరిగి, నేల ఎటు ఉందో తెలియజేస్తాయి. మూడు చోట్లా పనిచేసేది ఒకే రకం కణం. దాని నెత్తిన మెట్ల వరసలా పేర్చిన సన్నని వెంట్రుకల కుచ్చు ఉంటుంది కాబట్టి రోమకణం అన్నారు. ఒక వెంట్రుక కొసనుంచి పక్క వెంట్రుకకు కంటికి ఆనని తీగ ఒకటి ఉంటుంది. కుచ్చు ఒరిగితే తీగ బిగుస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, విద్యుత్ సంకేతం నరంలోకి పోతుంది. ఒక్కో చెవిలో వినికిడికి ఇలాంటి కణాలు పదిహేను వేల దాకా ఉంటాయి. మనిషికైనా చిట్టెలుకకైనా పోయిన వినికిడి కణం మళ్లీ మొలవదు.

వినికిడికీ తూకానికీ పనిముట్టు ఒకటే కాబట్టి, దాన్ని తయారుచేసే జన్యువు చెడితే రెండూ పోవచ్చు. ఈ సంగతి మొదట బయటపెట్టింది ఆటబొమ్మలుగా పెంచుకున్న ఎలుకలు. జపాన్‌లో గుండ్రంగా తిరుగుతూ నాట్యమాడే చిట్టెలుకలను ముచ్చటగా సాకేవారు. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ యెర్క్స్ 1907లో వాటిమీద ఒక పుస్తకమే రాశాడు. అందరూ నాట్యం అనుకున్నది నిజానికి రోగలక్షణం. 1929లో లార్డ్, గేట్స్ అనే ఇద్దరు తల ఎగరేస్తూ తిరిగే మరో రకాన్ని వర్ణించి ‘షేకర్’ అన్నారు. ఇలాంటివే వాల్ట్‌జర్, పిరువెట్, జెర్కర్, స్పిన్నర్ అనే రకాలు. పేర్లన్నీ నడక చూసి పెట్టినవే. ఇలాంటి ఎలుకను గుర్తుపట్టడం తేలిక. తోక పట్టి మెల్లగా బల్లమీదికి దించితే మామూలు ఎలుక ముందుకాళ్లు చాచి బల్లను అందుకోబోతుంది. తూకం పోయినది బల్లవైపు చూడకుండా తన పొట్టవైపే ముడుచుకుపోతుంది.

ఈ కథలో మన దేశానికీ లండన్ మీదుగా చోటు దక్కింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ పిలుపుమీద జర్మనీనుంచి వచ్చి చేరిన హాన్స్ గ్రూనెబర్గ్, 1940లో హాల్‌పైక్ అనే చెవి వైద్యుడితో కలిసి షేకర్ ఎలుక లోపలి చెవిని పరీక్షించాడు. ఆ హాల్‌పైక్ పేరు నేటికీ ఈఎన్‌టీ డాక్టర్ల నోట వినిపిస్తుంది. పక్కమీద లేచినా ఒరిగినా తల తిరుగుతోందంటూ వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లు చూస్తారే, 1952 నాటి ఆ పరీక్ష ఆయనదీ మార్గరెట్ డిక్స్‌దీ. గ్రూనెబర్గ్ బృందంలోని ఎం.ఎస్. దియోల్ 1950లలో షేకర్, వాల్ట్‌జర్, పిరువెట్ ఎలుకల చెవులను పొరలు పొరలుగా కోసి, ఏ వయసులో ఏ భాగం క్షీణిస్తుందో రాసిపెట్టాడు. జన్యువులను చదవడం తెలియని రోజుల్లో చేసిన ఆ పని అరవై ఏళ్ల తర్వాతి పరిశోధనలకూ పునాదిగా నిలిచింది.

హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన దగ్గర చేరిన తెలుగువాడు పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. చెవి డొప్పలమీద వెంట్రుకలు మొలవడం తండ్రినుంచి కొడుకుకు ఎలా వస్తుందో చూసిన పరిశోధనతో ఆయనకు పేరొచ్చింది. ఇక్కడ ముఖ్యమైంది ఆయన చేసిన మరో పని. పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల లెక్క తీసి 1960లో, 1963లో ప్రచురించారు. తెలుగు నేలమీద మేనరికాలను జన్యుశాస్త్రం కళ్లతో చూసిన తొలి పరిశోధనల్లో అవి ఉన్నాయి. ఎలుకల చెవుల పరిశోధనా, తెలుగింటి పెళ్లిళ్ల పరిశోధనా హాల్డేన్ చుట్టూ చేరినవాళ్ల చేతుల మీదుగానే సాగాయి. చూడబోతే రెండూ ఒకే ప్రశ్నకు రెండు కొసలు.

ఆ ప్రశ్న ఇది: చెవులు బాగున్న తల్లిదండ్రులకు చెవిటి బిడ్డ ఎందుకు పుడుతుంది? ఎలుకల్లో ఈ మార్పులు చాలావరకు అంతర్గతంగా ఉంటాయి. ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి కదా, ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో చెడు ప్రతి దాగి ఉంటే ఇద్దరికీ చెవులు బాగానే వినిపిస్తాయి. వాళ్లకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. దగ్గరి బంధువుల్లో ఒకే తాత ముత్తాత నుంచి దిగిన ఒకే చెడు ప్రతి ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం ఎక్కువ. మేనబావ మరదళ్ల పెళ్లిలో పుట్టే బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి రావడానికి అవకాశం పదహారులో ఒకటి. మేనమామను చేసుకుంటే ఎనిమిదిలో ఒకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తసంబంధ వివాహాల దేశ సగటు దాదాపు 11 శాతం. కేరళ తప్ప మిగతా దక్షిణాది రాష్ట్రాల్లో అంతకు ఎంతో ఎక్కువ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మేనరికం చేసుకున్న జంటల్లో అత్యధికులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. భూమి చీలిపోకుండా, ఆడపిల్ల తెలియని ఇంట కష్టపడకుండా పెద్దలు కట్టుకున్న ఏర్పాటు అది. చెవిటి బిడ్డ పుట్టగానే తల్లిమీద నింద వేయడం అన్యాయం. శాస్త్రం లెక్క ప్రకారం చెడు ప్రతి తండ్రి వైపునుంచీ, తల్లి వైపునుంచీ సమానంగానే వచ్చింది. ఒక బిడ్డకు పుట్టుచెవుడు ఉన్నప్పుడు ఆ ఇంట్లో మళ్లీ మేనసంబంధం కలుపుకునే ముందు జన్యు సలహా తీసుకోవడమే చేయవలసిన పని.

పెళ్లిళ్ల విషయంలో ఎలుకలు మరో ఊరటా చెప్పాయి. షేకర్ ఎలుకకూ వాల్ట్‌జర్ ఎలుకకూ పుట్టిన పిల్లలు చక్కగా వింటాయి, తిన్నగా నడుస్తాయి. రెండింటిలో చెడిన జన్యువులు వేర్వేరు కావడంతో ఒకదాని లోటును రెండోది పూడుస్తుంది. ఇద్దరు చెవిటివాళ్లు పెళ్లి చేసుకుంటే పిల్లలూ చెవిటివాళ్లే అవుతారని ఊళ్లల్లో అడ్డుపుల్ల వేస్తుంటారు. ఇద్దరిలోనూ చెడింది ఒకే జన్యువు కాకపోతే, రెండు లోపాలూ ఇలా అంతర్గతమైనవే అయితే, ఆ భయానికి ఆధారం లేదు.

ఎలుకనుంచి మనిషికి వంతెన కట్టింది 1995వ సంవత్సరం. మొదటి షేకర్ రకమైన షేకర్-1 ఎలుకలో చెడింది మయోసిన్-7ఎ అనే ప్రొటీన్ జన్యువని బ్రిటన్‌లో స్టీవ్ బ్రౌన్, కరెన్ స్టీల్ బృందం కనిపెట్టింది. పారిస్‌లో క్రిస్టీన్ పెతీ బృందం చేరిన పరిశోధన అదే జన్యువు మనుషుల్లో చెడితే అషర్ సిండ్రోమ్ వస్తుందని అదే ఏడాది తేల్చింది. స్కాట్లాండ్ కంటి వైద్యుడు చార్ల్స్ అషర్ 1914లో వివరించిన జబ్బు ఇది. అందులో మొదటి రకంతో పుట్టిన బిడ్డకు వినబడదు. తూకం చూసే భాగమూ పనిచేయదు. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం అన్నీ ఆలస్యం. పదేళ్లు దాటే సమయానికి రేచీకటి మొదలవుతుంది. ఆ తర్వాత చూపు అంచులనుంచి కుంచించుకుపోయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది. ఈ రకానికి కారణమైన అయిదు ప్రధాన జన్యువులకూ ఎలుకల్లో జోడీలు దొరికాయి: షేకర్-1, డెఫ్ సర్క్లర్, వాల్ట్‌జర్, ఏమ్స్ వాల్ట్‌జర్, జాక్సన్ షేకర్. వీటిలో రెండు, రోమకణాల వెంట్రుకలను కలిపే ఆ సన్నని తీగను నేసే జన్యువులే. చెవిటి పిల్లల్లో నూటికి ముగ్గురు నుంచి ఆరుగురికి అషర్ ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి.

భారతీయ కుటుంబాలు ఈ వెతుకులాటలో నిశ్శబ్దంగా పాలుపంచుకున్నాయి. టీఎంసీ-1 అనే జన్యువు చెడితే వచ్చే చెవుడు ఏ క్రోమోజోము మీద ఉందో 1995లో తేలింది మన దేశంలోని రెండు రక్తసంబంధ కుటుంబాల నుంచే. ఆ జన్యువే ‘బీథోవెన్’ అని పేరు పెట్టిన ఎలుకలోనూ చెడింది. 1998లో షేకర్-2 ఎలుక జన్యువు దొరికినప్పుడు, అదే జన్యువులో లోపం ఇండొనేసియాలోని బాలి దీవిలో బెంకాలా అనే పల్లెలోనూ, భారతీయ కుటుంబాల్లోనూ కనిపించింది. ఇక మన దేశంలో పుట్టుచెవుడుకు అన్నిటికన్నా పెద్ద కారణం కనెక్సిన్-26 అనే జన్యువు. అది చెడినవాళ్లకు సాధారణంగా నడకలో తేడా కనిపించదు. అంటే చెవిటి బిడ్డలందరికీ తూకం పోదు. ఎవరికి పోయిందో వెతికి పట్టుకోవాలి.

ఎలుకలు నేర్పిన మరో తేడా పల్లెలో కంటితోనే కనిపిస్తుంది. కొందరు పిల్లలకు నుదుటిమీద ఒక తెల్లజుట్టు పాయ, నీలికళ్లు, చెవుడు మూడూ కలిసి ఉంటాయి. ‘పిల్లికండ్లు’ అని ముద్దుగా పిలుస్తారు. ఇది వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్. ఒంటిమీద తెల్లమచ్చలతో పుట్టే ‘స్ప్లాచ్’ ఎలుకలో చెడిన జన్యువే ఈ జబ్బు మొదటి రకంలోనూ చెడుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ అవసరమన్నమాట. ఇక సున్నపు స్ఫటికాలు అసలు ఏర్పడని ఎలుకలూ ఉన్నాయి. అవి బాగా వింటాయి గానీ తల ఒక పక్కకు వాల్చి నడుస్తాయి, నీళ్లలో మునుగుతాయి. వినికిడి బాగున్నంత మాత్రాన తూకం బాగున్నట్టు కాదని వాటిని చూసే తెలిసింది.

ఇప్పుడు పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు వద్దాం. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు జిల్లాలయ్యాయి. వలసలకు పేరుపడ్డ నేల ఇది. తల్లిదండ్రులు పనికోసం దూరం వెళితే బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతాడు. ‘పిలిస్తే పలుకడు, నడక కూడా రాలే’ అని అవ్వ చెప్పినా, రెండింటినీ కలిపి వినే చెవి దొరకడం కష్టం. నడక రాలేదంటే బలహీనత అంటారు, టానిక్ రాస్తారు. పలకలేదంటే ఇంటిపేరు చెప్పి ‘వాళ్లింట్ల మాటలు లేటే’ అంటారు. రెండేళ్లు అలా గడిచిపోతాయి.

నిజానికి ఏర్పాట్లు లేకపోలేదు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. లక్షల ఖర్చయ్యే కాక్లియర్ ఇంప్లాంట్ పేద పిల్లలకు ఆ పథకం ద్వారా అందింది. చెడిన రోమకణాలను దాటి, తీగ ద్వారా నేరుగా నరాన్ని తాకే పరికరం అది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వెళ్లి ముప్పై రకాల సమస్యలు చూడాలి. వాటిలో పుట్టుచెవుడు ఉంది, నడక ఆలస్యమూ ఉంది. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అంటే ఈఎన్‌టీ విభాగం, పిల్లల విభాగం, కంటి విభాగం ఇప్పుడు ఒకే ప్రాంగణంలో, ఒకే ఓపీ చీటీ దూరంలో ఉన్నాయి.

లోపం అతుకులో ఉంది. బృందం దగ్గరి కాగితంమీద చెవుడు ఒక గడి, నడక ఆలస్యం ఇంకో గడి. రెండు గడుల్లోనూ టిక్కు పడిన బిడ్డను వేరుగా తీసి, మూడో విభాగమైన కంటి వైద్యుడి దగ్గరికి పంపే అలవాటు ఇంకా రావాలి. చెవుడు, నడక ఆలస్యం కలిసి కనిపిస్తే అషర్ అనే అనుమానం మొదటి రెండేళ్లలోనే రావాలి. రేచీకటి మొదలయ్యాక అయితే పదేళ్లు ఆలస్యమైపోయినట్టే. పల్లెలో రేచీకటి అనగానే ఎ విటమిన్ ద్రావకం గుర్తొస్తుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఫలితంగా 1970లో దేశమంతా మొదలైన ఆ చుక్కలు ఎందరి చూపునో కాపాడాయి. చెవిటి పిల్లవాడి రేచీకటి మాత్రం ఆ చుక్కలకు తగ్గేది కాదు. కంటి విషయంలో ఈ జిల్లా నేల కొత్తదీ కాదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ 1996-2000 మధ్య పదివేల పైచిలుకు మందితో చేసిన ఆంధ్రప్రదేశ్ కంటి సర్వేలో మహబూబ్‌నగర్ పల్లెలూ ఉన్నాయి. నాగర్‌కర్నూల్ పక్కన తూడుకుర్తిలో ఆ సంస్థ కంటి కేంద్రమూ ఉంది.

ముందే తెలిస్తే ఏం మారుతుంది? చాలా మారుతుంది. చూపు తగ్గబోయే బిడ్డకు సైగలు, పెదవుల కదలికలు ఎల్లకాలం అక్కరకు రావు. చెవే దారి. కాబట్టి కాక్లియర్ ఇంప్లాంట్ వీలైనంత చిన్న వయసులో, మాట నేర్చే మెదడు లేతగా ఉన్నప్పుడే పెట్టించాలి. పరికరం వినికిడి ఇస్తుంది గానీ తూకం తిరిగి ఇవ్వదన్నది ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. తూకం పోయినవాళ్లు కళ్లతో, పాదాల స్పర్శతో నిలదొక్కుకుంటారు. పట్టపగలు పొలం గట్టుమీద తూలకుండా నడిచే పిల్లవాడు పొద్దుగూకాక అదే గట్టుమీద తడబడతాడు. కళ్ల ఆసరా తప్పిపోవడమే కారణం. నీళ్లలో మునిగితే మిగిలిన ఈ రెండు ఆసరాలూ ఒకేసారి పోతాయి. తొట్టిలోని ఎలుకకు జరిగిందే అతనికీ జరుగుతుంది.

తల తిరుగుడు అంతా వంశపారంపర్యం అనుకోవడమూ పొరపాటే. పెద్దవాళ్లలో కనిపించేదానికి ఎక్కువసార్లు కారణం సున్నపు స్ఫటికం చోటు తప్పి కుల్యలోకి జారడం. తలను ఒక వరసలో తిప్పి డాక్టరు దాన్ని తిరిగి చోటుకు చేర్చగలడు. ఒకప్పుడు క్షయకు వారాల తరబడి ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఎందరి తూకాన్నో దెబ్బతీశాయి. తల్లినుంచి వచ్చే మైటోకాండ్రియా జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు స్ట్రెప్టోమైసిన్ జాతి మందులు కొద్ది మోతాదులోనే చెవుడు తెస్తాయి. అలాంటి ఇంట్లో తల్లి, మేనమామ, పెద్దమ్మ పిల్లల సంగతి డాక్టరుకు ముందే చెప్పుకోవాలి.

ఎలుకల్లో చికిత్సల సంగతి ఆశ పుట్టిస్తుంది. 1998లోనే షేకర్-2 ఎలుక అండంలోకి మంచి జన్యువు పంపితే పుట్టిన పిల్ల విన్నది, తిరగడం మానింది. అషర్ ఎలుకలకు పుట్టిన కొద్ది రోజుల్లోనే ఒక్క ఇంజెక్షన్ ఇచ్చి వినికిడినీ తూకాన్నీ కాపాడగలిగారు. 2013లో జన్యు సందేశాన్ని సరిదిద్దే చిన్న అణువుతో, 2017లో వైరస్ వాహనంగా పంపిన జన్యువుతో ఇది సాధ్యమైంది. మనుషుల్లో తొలి గెలుపు 2024 జనవరిలో ప్రకటించారు. ఓటోఫెర్లిన్ జన్యువు చెడిన ఆరుగురు పిల్లలకు చైనాలో జన్యుచికిత్స చేస్తే అయిదుగురికి వినికిడి వచ్చింది. అయితే ఓటోఫెర్లిన్ లోపంలో రోమకణాలు చాలాకాలం బతికే ఉంటాయి, సంకేతం పంపడమే ఆగుతుంది. అషర్‌లో కణమే చెడిపోతుంది. పైగా చిట్టెలుక చెవి పుట్టిన పన్నెండు రోజులకు గానీ పనిచేయదు, మనిషి బిడ్డ తల్లి కడుపులోనే వింటాడు. ఎలుకకు పుట్టాక దొరికే గడువు మనిషికి పుట్టకముందే దాటిపోతుంది. ఇంకో సంగతి, షేకర్-1 ఎలుకలు మనుషుల్లా చూపు పోగొట్టుకోవు. కాబట్టి ‘ఎలుకలో నయమైంది’ అన్న వార్త చూసి ఇంప్లాంట్ వాయిదా వేయడం బిడ్డకు నష్టం.

మందు వచ్చేదాకా చేయగలిగినవి ఖర్చు లేనివే. అంగన్‌వాడీ టీచరమ్మలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు దయచేసి ఇవి మనసులో పెట్టుకోండి. పిలిస్తే పలకని బిడ్డ కనిపిస్తే వినికిడిని చూసే బేరా పరీక్షకు పంపే చీటీమీద ఇంకో వాక్యం రాయండి: ఎన్ని నెలలకు నడిచాడు? ఏడాదిన్నర దాటినా నడక రాకపోతే కంటి పరీక్షకూ పంపండి. బడిలో చెవిటి పిల్లలుంటే పంతుళ్లు వాళ్లను కళ్లు మూయించి, పక్కన ఒకరు పట్టుకుని ఉండగా, మెత్తటి నేలమీద నిలబెట్టి చూడండి. నిలవలేని బిడ్డను చీకట్లో ఒంటరిగా పంపవద్దు. కాలువలో, బావిలో, ఏటిలో పెద్దవాళ్ల చెయ్యి అందేంత దూరంలో తప్ప దిగనివ్వవద్దు.